నీటికాసులు

తొంభై ఒకటి ఫిబ్రవరిలో, బాపట్ల స్టేషనుకు దగ్గర్లో ఉన్న ఒక పాత బంగళా వరండాలో, పదమూడు మందిమి కళ్ళకు గంతలు కట్టుకుని నిలబడ్డాం.

"ఇప్పుడు ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కోండి" అన్నారు వీరరాఘవయ్య సారు.

చెప్పులన్నీ ఆయన ముందే ఒక మూల కుప్ప పోయించారు. మేం మోకాళ్ళ మీద పాకుతూ, ఒకరి తల ఒకరికి కొట్టుకుంటూ, పడీ పడీ నవ్వుతూ వెతికాం. నాకు దొరికిన రెండూ ఎడమకాలివే. అరగంట గడిచేసరికి ఎవరికీ నవ్వు రావడంలేదు. ఒకమ్మాయి ఏడ్చింది కూడా.

సారుకి నాలుగో ఏట అమ్మవారు పోసి చూపు పోయింది. యాభై దాటిన మనిషి. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, చేతిలో తెల్ల కర్ర. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సంస్థ రేపల్లె, తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి, చూపు లేనివాళ్ళు ఎంతమంది, ఎందువల్ల పోయింది, ఎలా బతుకుతున్నారు అని రాయించాలనుకుంది. అందుకు మమ్మల్ని తీసుకుంది. ఆపరేషనుతో చూపు వచ్చేవాళ్ళని ఆస్పత్రికి పంపాలి. రానివాళ్ళకి కర్రతో నడవడం, పొయ్యి వెలిగించుకోవడం, తమ పని తాము చేసుకోవడం నేర్పాలి. అవి మాకు నేర్పడానికే ఆ పదిహేను రోజుల శిక్షణ.

చివరి రోజున సారు ఒక పని అప్పజెప్పారు.

"మీ ఇళ్ళకెళ్ళాక ఒక పూటంతా గంతలు కట్టుకుని మీ ఇంట్లో మీరు తిరగండి. ఏమేం తగిలాయో, ఏమేం ఒలికాయో రాసుకుని రండి. మీ ఇల్లు మీకు తెలుసనుకుంటున్నారు. తెలియదు."

నేను ఆ పని చెయ్యలేదు. ఇంటికెళ్ళాక అది పిల్లల ఆటలాగా అనిపించింది.

రేపల్లెలో మా ఇంట్లో ఉండేది నాన్న, నేను. నాన్న మిషను స్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. బర్నబాస్ మేష్టారంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఆదివారం గుళ్ళో బైబిలు వాక్యపాఠం చదివేది ఆయనే. ఎండైనా వానైనా చేతిలో గొడుగు ఉండాల్సిందే, అది నేలకు ఆనిస్తూ నిదానంగా, తల ఎత్తుకుని నడిచేవాడు. హెడ్మాస్టరు దర్జా అనుకునేదాన్ని.

అమ్మ పోయి అప్పటికి మూడేళ్ళు. అమ్మ ఉన్నప్పుడు నాన్న మాటలు నాకు, నా మాటలు నాన్నకు ఆమే చేరవేసేది. ఆమె పోయాక మేమిద్దరం ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరు మర్యాదస్తుల్లా ఉండేవాళ్ళం. నేను పొద్దున్నే ప్యాసింజరులో తెనాలి వెళ్ళి టైపు ఉద్యోగం చేసి, సాయంత్రం వచ్చేదాన్ని. రాగానే నాన్న పేపరు నా చేతికిచ్చి, "చదువు, నీ ఉచ్చారణ చూస్తాను" అనేవాడు. నేను చదివేదాన్ని. ళ పలకాల్సిన చోట ల పలికితే సరిదిద్దేవాడు. మా మధ్య నడిచిన సంభాషణ చాలావరకు అదే.

సర్వే ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు నాన్న ఒక్కటే అడిగాడు.

"మన ఊరు కూడా ఉందా అందులో?"

"ఉంది నాన్నా. చివర్లో."

"ఊఁ" అన్నాడు.

నాకు మొదట ఇచ్చింది నిజాంపట్నం వైపు పల్లెలు. అక్కడ ఒక పాలెంలో రత్తాలు అనే ఆవిడ ఉండేది. నలభై రెండేళ్ళు. చేపల వేటకి పడవలకెళ్ళే ఇల్లు. ఏదో జ్వరం వచ్చి తగ్గేసరికి రెండు కళ్ళూ పోయాయట. మొగుడు సింగయ్య ఆవిణ్ణి గుడిసె గోడ పక్కన చాప మీద కూర్చోబెట్టి, అన్నం కలిపి చేతికిచ్చి, తల దువ్వి, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళేవాడు. అలా ఐదేళ్ళు. ఆ పాలెంలో అందరూ సింగయ్యని మెచ్చుకునేవాళ్ళు.

"మీ పేరేంటండి?" అని నేను ఆవిణ్ణి అడిగితే, "రత్తాలండి" అని సింగయ్యే చెప్పాడు. "వయసు?" అంటే ఆయనే. "మీకు ఏ పని వచ్చు?" అంటే, "దానికి పనెందుకండి, నేనున్నాగా" అన్నాడు.

మూడోసారి వెళ్ళినప్పుడు సింగయ్య వేటకెళ్ళాడు. నేను కర్ర తీసి ఆవిడ చేతికిచ్చి, ఇలా పట్టుకోండి, ఇలా ముందు నేల తడమండి అని శిక్షణలో చెప్పినట్టే చెబుతున్నాను. ఆవిడ మధ్యలో ఆపింది.

"నువ్వెప్పుడైనా నడిచావా అమ్మాయ్, కళ్ళు మూసుకుని?"

"నడిచామండి. బాపట్లలో నేర్పారు."

"అక్కడ కాదు. నీ ఇంట్లో. నీ వాళ్ళ మజ్జన."

"నడిచాను" అన్నాను.

"ఏం తగిలింది?"

ఫారంలో పేజీ తిప్పాను.

"నడవలేదు" అంది రత్తాలు. కర్ర నా చేతిలో పెట్టేసింది. "నడిచి రా. అప్పుడు చెప్పు నాకు."

ఆ వారం శనివారం నేను ఇంట్లో ఉండిపోయాను. శనివారం పొద్దున నాన్న సంఘపెద్ద సుందరయ్య గారింటికి వెళ్ళి, మధ్యాహ్నం భోజనానికి వస్తాడు. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితులు. ఆయన గేటు దాటగానే తలుపులు దగ్గరికేసి, అమ్మ పాత చీర ముక్క కళ్ళకు రెండు చుట్లు బిగించి కట్టుకున్నాను.

మొదట ముందుగది. చేతులు చాపుకుని, టీపాయి తగులుతుందేమోనని కాలు జరుపుకుంటూ నడిచాను. తగల్లేదు. ఎదురుగోడ వరకూ వెళ్ళిపోయాను. కుర్చీలన్నీ గోడకి ఆనించి వరసగా ఉన్నాయి. టీపాయి అసలు గదిలో లేదు. ఎప్పుడు తీసేశారో నాకు గుర్తులేదు. గోడ పట్టుకుని పక్కకి జరిగితే గడియారం చేతికి తగిలింది. వేళ్ళకి ముళ్ళే తగిలాయి, అద్దం లేదు. పగిలిందని, వేయిస్తానని నాన్న చెప్పి రెండేళ్ళయింది.

వంటింటి గుమ్మం దగ్గర మెట్టు ఒకటి దిగాలి. అక్కడ పడతాననుకున్నాను. గుమ్మం చెక్క మీద నా చెయ్యి ఆనిన చోటే ఒక మేకు తల పైకి లేచి తగిలింది. కాలు జాగ్రత్తగా కింద పెట్టాను. రోజూ ఆ గుమ్మం దాటుతూనే ఉన్నాను, ఆ మేకు ఎప్పుడూ చూడలేదు.

స్టవ్వు పక్కన అగ్గిపెట్టె దారానికి వేలాడుతోంది. అది నాకు తెలుసు, తడవకుండా కట్టానన్నాడు. పైన చెక్క మీద డబ్బాలు తడిమాను. ఒకదానికి రబ్బరు బ్యాండు. ఒకదానికి రెండు. ఒకదానికి ఏమీ లేదు. మూతలు తీసి నాలిక్కి రాసుకున్నాను. ఉప్పు, కారం, పంచదార.

గంతలు విప్పలేదు. పెరటి తలుపు తీశాను. తలుపు పక్క గుంజ నుంచి ఒక తీగ మొదలైంది. దాని మీద చెయ్యి వేసి నడిచాను. బట్టల తీగ అనుకునేదాన్ని అన్నాళ్ళూ. కానీ బట్టలు ఆరేసేది ఇంకో పక్క. ఆ తీగ స్నానాల గదికి వెళ్ళి, అక్కణ్ణుంచి చేతిపంపు దాకా వెళ్ళింది. పంపు దగ్గరి మెట్టుకు సరిగ్గా రెండడుగుల ముందు తీగకి ఒక గుడ్డపీలిక ముడి వేసి ఉంది.

ఆ ముడి పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. ఆ ఇంట్లో నాకు ఒక్క వస్తువూ తగల్లేదు. ఒక్క చుక్క కూడా ఒలకలేదు. నాకంటే ముందు ఎవరో ఆ ఇంట్లో కళ్ళు లేకుండా నడిచి, అన్నీ సర్ది పెట్టుకున్నారు.

తీగ పట్టుకుని వెనక్కి వచ్చి ముందుగదిలో నిలబడేసరికి గేటు చప్పుడైంది. గొడుగు మొన మూడుసార్లు రాయి మీద తగిలింది. నాన్న తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. నేను గది మధ్యలో, కళ్ళకు గుడ్డతో అలాగే ఉండిపోయాను. ఏంటా వేషం అంటాడని ఎదురుచూశాను. అనాలని కోరుకున్నాను.

"ఏమ్మా, ఇంట్లోనే ఉన్నావా? అన్నం వాసన రాలేదు."

"ఇవాళ ఆలస్యమైంది నాన్నా."

"పర్లేదులే." నా పక్కనుంచే వెళ్ళాడు. తలనూనె వాసన తెలిసింది. గొడుగు మేకుకి తగిలించిన చప్పుడైంది.

"నాన్నా, ఈ చీర ఎలా ఉంది?"

ఆయన అడుగులు నావైపు తిరిగాయి.

"బాగుంది. ఆ రంగు నీకు నప్పుతుంది."

నేను ఆ రోజు చీర కట్టుకోలేదు.

గుడ్డ విప్పాను. నాన్న నావైపే తిరిగి, చిరునవ్వుతో, నా చెవి పక్కనున్న గోడను చూస్తున్నాడు.

ఆ రోజు అన్నం వండి వడ్డించాను. నేనేమీ అడగలేదు, ఆయనేమీ చెప్పలేదు. సాయంత్రం పేపరు ఇచ్చి, చదవమన్నాడు. చదివాను. ఏం చదివానో తెలియదు. ఒక్క తప్పు కూడా దిద్దలేదని మాత్రం గుర్తుంది.

మర్నాడు గుళ్ళో ఆయన పుస్తకం తెరిచి, పాఠం మొదటి నుంచి చివరి దాకా తడబడకుండా చదివాడు. సరైన చోట పేజీ తిప్పాడు. నేను ముందు వరసలో కూర్చుని ఆయన కళ్ళు చూశాను. అవి పేజీ మీద లేవు. ఆరాధన అయ్యాక సుందరయ్య గారిని చెట్టు కిందికి పిలిచి అడిగాను. ఆయన చాలాసేపు కండువా సర్దుకున్నారు.

"శనివారం శనివారం నేను చదువుతానమ్మా. నాలుగైదు సార్లు వింటాడు. అంతే, వచ్చేస్తుంది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

తెనాలిలో మా ఆఫీసు గంగానమ్మపేటలో ఒక మేడ మీద రెండు గదులు. సోమవారం సారు, బాపట్లలో అప్పజెప్పిన పని గురించి, అందరినీ వరసగా అడుగుతున్నారు. ఎవరి మోకాలు మంచం కోడుకి కొట్టుకుంది, ఎవరు పాలగిన్నె తన్నారు అని. నా వంతు వచ్చింది.

"ఏమేం తగిలాయమ్మా?"

"ఏమీ తగల్లేదు సార్."

గదిలో కొందరు నవ్వారు. సారు నవ్వలేదు. కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నారు. అందరూ వెళ్ళేదాకా ఆగి, తలుపు వెయ్యమన్నారు.

"మీ ఇంట్లో ఎవరు?"

"మా నాన్న సార్."

"ఎన్నాళ్ళ నుంచి?"

"తెలియదు సార్."

"మీరు ఇప్పటికి ఎన్ని ఇళ్ళు తిరిగారు?"

"మూడొందలు దాటాయి సార్" అన్నాను. ఆ మాట నోటి నుంచి వచ్చాక ఏడుపు ఆగలేదు. సారు ఓదార్చలేదు. నేను ముక్కు తుడుచుకునేదాకా ఊరుకుని అన్నారు.

"కూతురుగా అడిగితే చెప్పడు. ఫారం తీసుకుని వెళ్ళండి. మీ వీధి సర్వేలో ఉంది కదా. మిగతా ఇళ్ళకి ఎలా వెళ్ళారో అలాగే వెళ్ళండి. చెప్పులు బయట విడవండి."

గురువారం పొద్దున తొమ్మిదింటికి మా గేటు బయటికెళ్ళి, మళ్ళీ తీసుకుని లోపలికొచ్చాను. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, "ఇంట్లో ఎవరండి?" అన్నాను.

నాన్న వరండాలో కుర్చీలో ఉన్నాడు. నా గొంతు విని నవ్వబోయి ఆగాడు. బల్ల మీద ఫారం పరిచిన చప్పుడు విన్నట్టున్నాడు, నిటారుగా కూర్చున్నాడు.

"కంటి సర్వే వాళ్ళమండి. మీ పేరు చెబుతారా?"

వీధిలో సైకిలు గంట మోగుతూ వెళ్ళింది.

"గోళ్ళ బర్నబాస్ అండి" అన్నాడు చివరికి.

"వయసు?"

"అరవై మూడు."

"ఎంతవరకు చదువుకున్నారు?"

"ఎస్సెల్సీ, సెకండరీ గ్రేడ్ ట్రైనింగు."

"చూపు ఎలా ఉందండి?"

నా కలం ఫారం మీదే ఉంది. తల ఎత్తితే ఆయన చెప్పలేడనిపించింది. నా మొహం ఆయనకు కనబడదని అప్పుడు గుర్తు రాలేదు.

"ఎడమ కంటికి ఏమీ లేదు. కుడి కంటికి పొద్దున పూట కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది."

రాశాను. "ఎప్పటి నుంచి?"

"నాలుగేళ్ళ కిందట తెనాల్లో డాక్టరుకి చూపించుకున్నాను. నీటికాసులు, గ్లకోమా అన్నాడు. పోయింది రాదు, మందు మానకుండా వేసుకుంటే ఉన్నది నిలబడుతుంది అన్నాడు. కొన్నాళ్ళు వేసుకున్నాను. తరవాత..." ఆగాడు. "తరవాత మా ఇంటావిడ మంచాన పడింది. గుంటూరు ఆస్పత్రిలో ఆవిడ మందులు చూసుకోవడంతో సరిపోయింది. ఆవిడ పోయాక ఇంక వేసుకోబుద్ధి కాలేదండి."

నాన్న నన్ను 'అండి' అన్నాడు. దాన్ని పట్టుకునే మేమిద్దరం ఆ పూట దాటాం.

తొమ్మిదో ప్రశ్న మిగిలింది. మూడొందల ఇళ్ళలో అడిగిన ప్రశ్నే.

"మీ రక్తసంబంధీకుల్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా?"

నాన్న చేతులు ఒడిలోకి తీసుకున్నాడు.

"మా నాన్నకు ఉండి ఉంటుంది. చివర్లో మంచం దిగేవాడు కాదు. ముసలితనమనుకున్నాం." కొంచెంసేపు ఆగి, 'అండి' వదిలేశాడు. "ఇది రక్తంలో దిగుతుందన్నాడు ఆ డాక్టరు. పిల్లలకి చూపించమన్నాడు. చూపిస్తే ఊరందరికీ తెలుస్తుంది. చెరుకుపల్లి వాళ్ళు నిన్ను అడుగుతున్నారు కదా. నీ పెళ్ళయ్యేదాకా ఎలాగో నెట్టుకొద్దామనుకున్నాను ప్రేమా."

నేను అడిగింది ఫారంలోని ప్రశ్నే. రాయాల్సింది ఒక్క మాటే. 'తండ్రి' అని రాసి, ఫారం మడిచి, లోపలికెళ్ళాను.

ఏప్రిల్ మొదట్లో ఇద్దరం ప్యాసింజరెక్కి తెనాలి వెళ్ళాం. సంస్థ వాళ్ళు పిలిపించిన డాక్టరమ్మ నాన్నని చూసింది. కుడి కంటికి మిగిలిన ఆ కాస్త వెలుతురు పోకుండా రోజుకు రెండుసార్లు మందు అంది. తరవాత నన్ను పడుకోమంది. కంట్లో మొద్దుబార్చే మందు వేసి, ఒత్తిడి కొలిచే చిన్న తూకం లాంటి పరికరం కంటి మీద పెట్టింది. మళ్ళీ ఇంకోసారి పెట్టింది. తరవాత గోడ మీద వేసిన నల్లగుడ్డ ముందు కూర్చోబెట్టి, తెల్ల తలకాయ ఉన్న గుండుసూదిని పక్కనుంచి జరుపుతూ, కనబడగానే చెప్పమంది. ఒక పక్క నేను చెప్పడం ఆలస్యమైందని ఆమె రాసుకునే తీరుని బట్టి తెలిసింది.

"నీక్కూడా మొదలైందమ్మా" అంది డాక్టరమ్మ. "భయపడకు. నీలో చాలా ముందే దొరికింది. రెండు కళ్ళలోనూ మందు, పొద్దునా సాయంత్రం. జీవితమంతా. ఒక్క పూట మానకు. ఆరు నెలలకోసారి రా."

నా వయసు ఇరవై నాలుగు.

బయట బెంచీ మీద నాన్న గొడుగు రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. నా అడుగు విని లేచాడు.

"ఏమంది?"

"ఏమీ లేదంది నాన్నా. బాగున్నాయంది."

"దేవుడా" అన్నాడు నాన్న. మళ్ళీ కూర్చున్నాడు. జేబురుమాలు తీసి మొహమంతా తుడుచుకున్నాడు. అమ్మ పోయిన రోజు కూడా ఆయన్ని అలా చూడలేదు. ఆ తరవాత నిజం చెప్పడం నా వల్ల కాలేదు.

ఆ వేసవి మా ఇల్లు మారిపోయింది. గుడ్ ఫ్రైడే నాడే నాన్న పుస్తకం లేకుండా లేచి, చేతులు వెనక్కి కట్టుకుని పాఠమంతా అప్పజెప్పాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. గుళ్ళో సగం మందికి ముందే తెలుసట. కర్ర మాత్రం నా దగ్గర నేర్చుకోనన్నాడు. "నీకు అ ఆలు నేర్పినవాణ్ణి" అన్నాడు. అందుకని గురువారాలు వీరరాఘవయ్య సారే తెనాలి నుంచి వచ్చేవారు. ఇద్దరూ కర్రలు తాటించుకుంటూ పెనుమూడి రోడ్డున చాలా దూరం వెళ్ళి, చెమటలు కక్కుతూ వచ్చి, వరండాలో మజ్జిగ తాగుతూ గట్టిగా నవ్వుకునేవాళ్ళు. నాన్నకు అంత నవ్వు ఉందని నాకు తెలియదు. వంటింట్లోంచి వినేదాన్ని. బయటికొచ్చి వాళ్ళ పక్కన కూర్చోవాలనిపించేది. కూర్చుంటే నా గొంతులో ఏదో తేడా ఇద్దరిలో ఒకరు పట్టేస్తారని భయం. చూపు ఉన్నవాళ్ళ దగ్గర మొహం సర్దుకోవచ్చు. వాళ్ళ దగ్గర గొంతు సర్దుకోవాలి, అది కష్టం.

చెరుకుపల్లి వాళ్ళకి నేనే ఉత్తరం రాశాను. ఉన్నదున్నట్టు రాశాను. జవాబు రాలేదు. సంబంధం ఏమైందని నాన్న అడిగితే, అబ్బాయికి వేరే చోట కుదిరిందట అన్నాను. ఒక అబద్ధం పక్కన ఇంకోటి పెట్టుకుంటూ వెళ్ళాను, నాన్న డబ్బాలకి రబ్బరు బ్యాండ్లు వేసినట్టే. మూడేళ్ళు ఆయన ఈ ఇంట్లో ఎలా బతికాడో అప్పుడు తెలిసింది. ఎంత జాగ్రత్తగా ఉండాలో, ఎవరితోనూ మాట్లాడకుండా తనలో తాను ఎంత మాట్లాడుకోవాలో.

మా ఇంట్లో నడిచాకే మళ్ళీ వెళ్ళి రత్తాలుకి కర్ర ఇచ్చాను. మే నెలలో ఇంకోసారి పాలెం వెళ్ళాను. రత్తాలు చాప మీద లేదు. చేపలు ఎండబెట్టే చోట, మిగతా ఆడవాళ్ళ మధ్య కూర్చుని, రొయ్యపొట్టు చేతులతో ఏరుతూ ఎవరినో తిడుతోంది. సింగయ్య నన్ను పక్కకి పిలిచి, "కర్ర ఇచ్చిన కాణ్ణించి నా మీద అరుస్తందండి" అని ఫిర్యాదు చేశాడు. ఆయన మొహంలో మాత్రం కోపం లేదు.

నేను రత్తాలు పక్కన ఇసుకలో కూర్చున్నాను. ఎందుకో తెలియదు, ఆవిడకి చెప్పాను. నాన్న సంగతీ, నా సంగతీ.

"ఎవరెవరికి చెప్పావు?" అంది చేతులు ఆపకుండా.

"నన్నడిగిన పెళ్ళివాళ్ళకి రాశాను. ఇంకెవరికీ చెప్పలేదు."

"నాకు చెప్పావుగా. కళ్ళు లేనిదానికి చెబితే చెప్పనట్టేనా?" అంది. కాస్సేపాగి, "మీ అయ్యకి చెప్పు. ఆయన కూడా నాకు మల్లేనే. పక్కనోళ్ళు దాస్తే తెలుస్తది మాకు. ఏం దాచారో తెలవదు, అంతే. అది ఇంకా పాడు" అంది.

తల ఊపాను. ఊపితే ఆవిడకి తెలియదని గుర్తొచ్చి, "సరే" అన్నాను. అయినా ఇంటికొచ్చి చెప్పలేకపోయాను.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. నాన్న ఆ తరవాత తొమ్మిదేళ్ళు బతికాడు. ఆ కిటికీ వెలుతురు చివరి దాకా ఆయనకు మిగిలింది. నా చూపు ఒక పక్క కొంచెం తరిగి, అక్కడే ఆగిపోయింది. ఈ కథ నా చేత్తో నేనే రాస్తున్నాను. కానీ ఆ వేసవి అనగానే నాకు గుర్తొచ్చేది ఆస్పత్రి కాదు, ఫారం కాదు. జూన్‌లో, తొలకరి పడిన ఒక పొద్దుట.

రోజూ పొద్దున నాన్న కంట్లో మందు నేనే వేసేదాన్ని. వేసి, సీసా ఆయన జేబులో పెట్టి, వంటింట్లోకి వెళ్ళి, నా సీసా తీసి నేను వేసుకునేదాన్ని. ఆ రోజు వాన. నాన్నకు మందు వేసి లోపలికెళ్ళాను. నా సీసా మూత తిప్పానో లేదో, ముందుగదిలోంచి పిలిచాడు.

"ప్రేమా."

"ఆఁ నాన్నా."

"ఆ మందు సీసా మూత తీసేటప్పుడు టిక్కుమంటుంది. రోజూ రెండుసార్లు వినబడుతోంది నాకు. ఒకటి ఇక్కడ. ఒకటి అక్కడ."

వాన చూరు మీంచి కారుతోంది.

"నా సీసా నా జేబులోనే ఉంది" అన్నాడు నాన్న. "అదెవరిది?"

గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను.

"నాది నాన్నా."

"ఎప్పట్నుంచి?"

"నీతో పాటే. ఆ రోజే చెప్పింది డాక్టరమ్మ. ముందే దొరికింది, మానకపోతే ఏమీ కాదంది. నిజంగానే అంది నాన్నా, ఇది అబద్ధం కాదు."

ఆయన పెదవులు రెండు మూడుసార్లు కదిలాయి. నా మీద కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన మీద ఆయనే కోప్పడుతున్నాడేమో.

"నాలుగేళ్ళు" అన్నాడు.

తరవాత చెయ్యి చాపాడు.

"సీసా ఇలా తే. వచ్చి కింద కూర్చో."

ఆయన కుర్చీ ముందు నేల మీద కూర్చుని, తల వెనక్కి ఎత్తాను. నాన్న చెయ్యి గాలిలో వెతికి నా జుట్టు పట్టుకుంది. అక్కణ్ణుంచి నుదురు, నుదుటి నుంచి కనుబొమ, కనుబొమ కింద రెప్ప. బొటనవేలితో రెప్ప పైకెత్తాడు. మొదటి చుక్క చల్లగా చెంప మీద పడి, చెవి దాకా జారింది.

"పడిందా?"

"లేదు నాన్నా. చెంప మీద పడింది."

"కదలకు." ఇంకో చేతి చిటికెనవేలు నా ముక్కు మీద ఆనించి, కొలుచుకుని, సీసా ఒంచాడు. "ఇప్పుడు?"

"పడింది."

రెండో కంటికి ఒక్కసారే సరిగ్గా పడింది.

"కళ్ళు మూసుకో" అన్నాడు నాన్న. "మందు నిలవాలి. నేను చెప్పేదాకా తెరవొద్దు."

మూసుకున్నాను. బయట వాన పెద్దదైంది. తెరవమని నాన్న చాలాసేపు చెప్పలేదు. ఆయన చెయ్యి నా నుదుటి మీదే ఉంది.